పఠన మందిరం కంప్యూటర్లకు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్: ప్రాజెక్టు డైరీ

2025 అక్టోబరు, మూడో వారం

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇస్తూ వచ్చిన భద్రతా సవరణలు ఈ నెల 14వ తేదీతో ఆగిపోయాయి. మా ఊరి పఠన మందిరంలో ఉన్న ఐదు కంప్యూటర్లూ విండోస్ 10 మీదే నడుస్తున్నాయి. ఉద్యోగాల దరఖాస్తులు నింపే విద్యార్థులు తమ ఆధార్ ప్రతులనూ, మార్కుల జాబితాలనూ, బ్యాంకు వివరాలనూ ఈ యంత్రాల్లోనే తెరుస్తారు కాబట్టి, సవరణలు రాని వ్యవస్థను ఇంటర్నెట్‌కు తగిలించి ఉంచటం సరికాదని కమిటీ సమావేశంలో చెప్పాను. ఏం చేయాలో చూసి చెప్పే పనిని కార్యదర్శి గారు నాకే అప్పగించారు.

మొదట యంత్రాల వివరాలు రాసుకున్నాను. మూడింటిలో ఇంటెల్ నాలుగో తరం ఐ3 ప్రాసెసరు, నాలుగు జీబీల ర్యామ్ ఉన్నాయి. ఒకదానిలో రెండో తరం ఐ3 ఉంది. పఠన మందిరం కరపత్రాలు, వార్షికోత్సవ ఆహ్వానాలు, జమాఖర్చుల నివేదికలు అన్నీ ఇన్నేళ్లుగా ఆ యంత్రంలోనే తయారయ్యాయి. ఐదోది కోర్ 2 డ్యుయో, రెండు జీబీల ర్యామ్. విండోస్ 11కు ఇంటెల్ ప్రాసెసరైతే సాధారణంగా ఎనిమిదో తరం లేదా అంతకంటే కొత్తది కావాలి, దానితోపాటు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కూడా ఉండాలి. ఈ రెండు షరతులకూ మా యంత్రాల్లో ఒక్కటీ సరిపోదు. ఆ షరతులను దాటవేసి విండోస్ 11 ఎక్కించే ఉపాయాలు ప్రచారంలో ఉన్నాయి గానీ, అలా ఎక్కించిన యంత్రాలకు సవరణలు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వటం లేదు. భద్రత కోసమే మారుతున్నప్పుడు భద్రతకు హామీ లేని దారి పట్టటంలో అర్థం లేదు. విండోస్ 10కు 2026 అక్టోబరు 13 వరకు సవరణలు పొందే పొడిగింపు పథకం ఒకటి ఉంది. అది ఏడాది గడువు ఇస్తుందే తప్ప సమస్యను తీర్చదు.

అందుచేత ఇతర ఆపరేటింగ్ సిస్టమ్‌లను పరీక్షించి చూడాలని నిర్ణయించాం. పరీక్షకు ముందే రెండు ప్రశ్నలు రాసి పెట్టుకున్నాను. ఇక్కడికి వచ్చేవారు తెలుగును సరిగా టైపు చేసి, సరిగా చూసి, సరిగా అచ్చు తీసుకోగలరా అన్నది మొదటిది. నేను ఊళ్లో లేనప్పుడు ఏదైనా చెడిపోతే కార్యదర్శి గారు గానీ, సాయంత్రాలు వచ్చే డిగ్రీ విద్యార్థులు గానీ దాన్ని సరిచేసుకోగలరా అన్నది రెండోది. వేగం, అందం, కొత్తదనం వీటి తరువాతే.

నవంబరు, మొదటి వారం

పరీక్షకు దిగేముందు నాలుగో తరం ఐ3 యంత్రాలు మూడింటిలోని పాత హార్డ్ డిస్కులను తీసి, 240 జీబీల ఎస్‌ఎస్‌డీలు పెట్టాను. ఖర్చు కమిటీ భరించింది. ఈ మార్పు తరువాత ఒక యంత్రంలో మళ్లీ విండోస్ 10నే ఎక్కించి చూశాను. అంతకుముందు లాగిన్ తెర రావటానికే రెండు నిమిషాలకు పైగా పట్టేది, ఇప్పుడు అర నిమిషంలోపే వచ్చింది. ఈ సంగతిని ప్రత్యేకంగా నమోదు చేయటానికి కారణం ఉంది. లైనక్స్ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తే పాత యంత్రం పరుగెడుతుందని చెప్పేవారిలో చాలామంది అదే సమయంలో డిస్కు కూడా మారుస్తారు, ఆ వేగంలో డిస్కు వాటా ఎంతో విడదీసి చెప్పరు. పాత యంత్రం నెమ్మదికి మొత్తం నిందను విండోస్ మీద వేయటం న్యాయం కాదు.

పెన్‌డ్రైవులో వెంటాయ్ అనే ఉపకరణాన్ని ఎక్కించి, అందులో పరీక్షించదలచిన వ్యవస్థల ఐఎస్‌ఓ ఫైళ్లన్నీ (ఒక వ్యవస్థ మొత్తం ఒకే ఫైలుగా ఉండే రూపం) వేసుకున్నాను. ఇలా చేస్తే ప్రతి వ్యవస్థకూ పెన్‌డ్రైవును మళ్లీ మళ్లీ తుడిచి రాయనక్కరలేదు. యంత్రం మొదలయ్యేటప్పుడు ఒక పట్టిక వస్తుంది, అందులో కావలసినదాన్ని ఎంచుకోవచ్చు. దింపుకున్న ప్రతి ఫైలుకూ షా-256 అనే సరిచూపు సంఖ్యను లెక్కించి, తయారీదారులు ప్రకటించిన సంఖ్యతో సరిచూశాను. మా ఊరి ఇంటర్నెట్ మధ్యలో తెగి అతుక్కుంటూ ఉంటుంది కాబట్టి, ఈ సరిచూపు లేకుండా ఎక్కించిన వ్యవస్థ మధ్యలో మొరాయిస్తే తప్పు యంత్రానిదో, ఫైలుదో తేల్చలేం.

కొన్నింటిని త్వరగానే పక్కన పెట్టాను. విండోస్ ప్రోగ్రాములను నేరుగా నడపాలన్న లక్ష్యంతో తయారవుతున్న రియాక్ట్ఓఎస్ ఇంకా ఆల్ఫా అనే తొలి పరీక్షా దశలోనే ఉంది, నలుగురు వాడే యంత్రానికి పనికిరాదు. గూగుల్ వారి క్రోమ్ఓఎస్ ఫ్లెక్స్ చక్కగా నడిచింది గానీ, దాని పద్ధతి అంతా ఇంటర్నెట్ మీద ఆధారపడినది. ఇక్కడ గంటల తరబడి నెట్ ఉండని రోజులు వస్తాయి. ఫ్రీబీఎస్‌డీ దృఢమైన వ్యవస్థ, 1993 నుంచి నడుస్తున్నది, నాకు దాని మీద గౌరవం ఉంది. అయితే ఎక్కించగానే వచ్చేది అక్షరాల తెర మాత్రమే. డెస్క్‌టాప్‌నూ, బ్రౌజరునూ విడిగా అమర్చి సంరక్షించాలి. రెండో ప్రశ్న దగ్గరే అది ఆగిపోయింది.

హైకూ విషయంలో మాత్రం కొంత సమయం గడిపాను. 1990లలో వచ్చిన బీఓఎస్ అనే వ్యవస్థను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుగా తిరిగి నిర్మించాలని 2001లో మొదలైన ప్రయత్నం అది. 2024 సెప్టెంబరులో దాని అయిదో బీటా వెలువడింది. కోర్ 2 డ్యుయో యంత్రంలో సైతం తెర క్షణాల్లో వచ్చింది, కిటికీలు తడుముకోకుండా తెరుచుకున్నాయి. ఇంత తక్కువ వనరులతో ఇంత చురుకుగా నడిచే డెస్క్‌టాప్ మరొకటి నా పరీక్షలో కనబడలేదు. కష్టమైన మాటలతో నేను తయారుచేసుకున్న తెలుగు పరీక్షాపత్రాన్ని దాని సొంత సంపాదకంలో (పాఠం దిద్దే ప్రోగ్రాములో) తెరిచినప్పుడు ‘లక్ష్మి’ అన్న మాటలో క, ష, మ ముక్కలు ఒకదాని కింద ఒకటి చేరకుండా, మధ్యలో పొల్లు గుర్తులతో విడివిడిగా నిలబడ్డాయి. హల్లులను కలిపి సంయుక్తాక్షరంగా పేర్చే పని ఆ వ్యవస్థలోని అక్షరాల పొర ఇంకా చేయటం లేదు. ఆ పని పూర్తయిన నాడు హైకూను మళ్లీ పరీక్షిస్తాను. అది పూర్తి కావాలని మనసారా కోరుకుంటున్నాను.

నవంబరు, మూడో వారం

పైన చెప్పిన పరీక్షాపత్రం గురించి వివరంగా రాయాలి, ఎందుకంటే ఈ ప్రాజెక్టులో ఎంపికకు తొలి జల్లెడ అదే. ఒక పేజీలో కష్టమైన కూర్పులున్న మాటలు వేశాను: జ్యోత్స్న, రాష్ట్రీయ, ధృతరాష్ట్రుడు, ఉష్ణోగ్రత, స్త్రీ, లక్ష్మీనరసింహ స్వామి. వాటి పక్కన ‘సాఫ్ట్‌వేర్’, ‘ఫేస్‌బుక్’ వంటి వాడుక మాటలు చేర్చాను. ‘సాఫ్ట్‌వేర్’లో టకారపు పొల్లు తరువాత వకారం ఒత్తుగా మారకుండా విడిగా నిలవాలంటే, ఆ రెండింటి మధ్య కంటికి కనబడని ఒక విభజక అక్షరం ఉండాలి. అది లేకపోతే ‘సాఫ్ట్వేర్’ అని వస్తుంది. టైపు చేసే పద్ధతి ఆ కనబడని అక్షరాన్ని కూడా వేయనివ్వాలి, ఫాంటు దాన్ని గౌరవించాలి, అచ్చులో గుర్తేమీ పడకూడదు. ఇవన్నీ ఒక్క మాటలో తేలిపోతాయి.

లైనక్స్ వ్యవస్థలన్నింటిలోనూ అక్షరాలను కూర్చే పని ప్రధానంగా హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేరు లైబ్రరీ చేస్తుంది. అందుకే డెబియన్ అనే లైనక్స్ కూర్పులో సరిగా వచ్చినది మింట్, లుబుంటు అనే కూర్పుల్లోనూ సరిగానే వచ్చింది. తేడాలు ఫాంటుల్లో కనిపించాయి. నోటో సాన్స్ తెలుగు తెర మీద చదవటానికి హాయిగా ఉంది. లోహిత్ తెలుగు చిన్న పరిమాణంలో కూడా స్పష్టంగా నిలిచింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు రూపొందించి స్వేచ్ఛగా విడుదల చేసిన పోతన, వేమన ఫాంటులు డెబియన్ సాఫ్ట్‌వేరు భాండాగారంలోనే ఒక పొట్లంగా (ప్యాకేజీగా) దొరుకుతాయి. ఆహ్వానపత్రాల శీర్షికలకు రామభద్ర, మండలి, గిడుగు, గురజాడ, పెద్దన, ధూర్జటి వంటి ఫాంటులున్న మరో పొట్లాన్నీ ఎక్కించాను. వీటిలో కొన్నింటికి జంట ఒత్తులు బాగా కిందికి దిగుతాయి. వరుసల మధ్య దూరం మామూలుగా ఉంచితే ‘జ్యోత్స్న’లోని నకారపు ఒత్తు కింది వరుసలోని గుడిని తాకుతుంది. పత్రాలు తయారుచేసే లిబ్రాఫీసు ప్రోగ్రాములో వరుసల మధ్య దూరాన్ని 130 శాతానికి పెంచి ఒక నమూనా పత్రం తయారుచేసి, కొత్త ఉత్తరాలన్నీ దాని నుంచే మొదలయ్యేలా అమర్చాను.

టైపు చేసే పద్ధతి మీద ఇంకా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసి వచ్చింది. మా మందిరంలో మూడు రకాల వారున్నారు. ఉత్తరాలు, తీర్మానాలు టైపు చేసే విశ్రాంత ఉపాధ్యాయులు ఒకరు ఒకప్పుడు డీటీపీ నేర్చుకున్నారు. ఆయన వేళ్లకు యాపిల్ కీబోర్డు వరుస అలవాటు. పోటీ పరీక్షల కోసం టైపు నేర్చుకుంటున్న ఇద్దరు అమ్మాయిలకు ఇన్‌స్క్రిప్ట్ కావాలి. కీబోర్డు ఎడమ పక్క అచ్చులు, గుణింతపు గుర్తులు, కుడి పక్క హల్లులు ఉండే ప్రభుత్వ ప్రామాణిక అమరిక అది. మిగిలిన పిల్లలంతా ఫోనుల్లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే అలవాటున్నవారు. ఐబస్ అనే టైపింగ్ వ్యవస్థకు ఎం17ఎన్ అనే పొట్లాన్ని తగిలిస్తే ఈ మూడూ ఒకేచోట దొరికాయి. అందులో యాపిల్, ఇన్‌స్క్రిప్ట్ వరుసలతోపాటు ఇంగ్లీషు అక్షరాలతో రాసే ఐట్రాన్స్, ఆర్‌టీఎస్ పద్ధతులు కూడా ఉన్నాయి. ఒక్కో వ్యక్తికి ఒక్కో ఖాతా ఇచ్చి, ఆ ఖాతాలో వారికి కావలసిన వరుస ఒక్కటే ఉంచాను. పట్టిక పొడవుగా ఉంటే పొరపాటున వేరే వరుసలోకి మారిపోయి, ఏం జరిగిందో తెలియక భయపడతారు.

మాస్టారు కుర్చీలో కూర్చుని ఒక తీర్మానం మొత్తం తెర వైపు చూడకుండా కొట్టారు. చివర తలెత్తి చదువుకుని, “వేళ్లు వాటంతటవే పోతున్నాయండీ, ఇక నాకేం ఇబ్బంది లేదు” అన్నారు. పిల్లలకు మాత్రం కొంత సాధన పట్టింది. ఫోనులోని కీబోర్డు ఊహించి మాటను అందిస్తుంది. ఇక్కడి పద్ధతి నియమం ప్రకారం అక్షరాన్ని మారుస్తుందే గానీ ఊహించదు. ట, డ, ణ, ళ వంటివాటికి ఇంగ్లీషు పెద్ద అక్షరాలు కొట్టాలని ఒక అట్ట మీద రాసి తెర పక్కన అతికించాం.

అక్షరదోషాలు పట్టే తెలుగు నిఘంటువు కూడా లిబ్రాఫీసుకు తగిలించాను. తెలుగులో విభక్తులు, సంధులు కలిసి ఒక మాటకు లెక్కలేనన్ని రూపాలు వస్తాయి కాబట్టి, సరైన మాటల కింద కూడా ఎర్రగీతలు విరివిగా పడ్డాయి. దాన్ని ఆపేసి ఉంచటమే మేలని నా అభిప్రాయం. సరైన మాట కింద రోజూ ఎర్రగీత చూసేవాడు నిజమైన తప్పు కింద గీతను కూడా పట్టించుకోడు.

డిసెంబరు, మొదటి వారం

తెలుగు విషయంలో లైనక్స్ వ్యవస్థలు దాదాపు సమానంగా నిలిచాయి కనుక, ఇక రెండో ప్రశ్న మీద పోటీ మిగిలింది. చివరి వరకు వచ్చినవి డెబియన్ 13, లైనక్స్ మింట్ 22 శ్రేణిలోని ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్‌తో వచ్చే కూర్పు. 1993లో మొదలైన డెబియన్ మీద ఉబుంటు, ఉబుంటు మీద మింట్ నిర్మితమయ్యాయి కాబట్టి ఇవి ఒకే వంశానికి చెందినవే. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ రూపొందించిన తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్, సీ-డాక్ రూపొందించిన బాస్ కూడా డెబియన్ పునాది మీదే వచ్చాయి. తెలుగు కోసం స్వేచ్ఛ సంస్థ స్వచ్ఛంద కార్యకర్తలు చేసిన అనువాదాల ఫలితం నేడు ఈ వ్యవస్థలన్నింటికీ అందుతున్నది.

నాలుగో తరం ఐ3 యంత్రాలు మూడింటికీ మింట్‌నే ఎంచుకున్నాను. కారణాల్లో ముఖ్యమైనది అతిథి ఖాతా. లాగిన్ తెర అమరికల్లో ఒక్క మీట తిప్పితే, సంకేతపదం లేకుండా ఎవరైనా ప్రవేశించి పనిచేసుకునే తాత్కాలిక ఖాతా వస్తుంది. బయటికి వెళ్లగానే ఆ ఖాతాలో దాచిన ఫైళ్లు, బ్రౌజరులో మిగిలిన లాగిన్‌లు అన్నీ చెరిగిపోతాయి. ఇంతకాలం మా విండోస్ యంత్రాల డెస్క్‌టాప్ మీద ఎవరెవరి ఆధార్ ప్రతులో పడి ఉండటం చూస్తూ వచ్చినవాడిగా, ఈ ఒక్క సదుపాయం కోసమైనా ఈ మార్పు చేయదగినదని గట్టిగా చెప్పగలను. రెండో కారణం టైమ్‌షిఫ్ట్ అనే ఉపకరణం. వ్యవస్థ స్థితిని అప్పుడప్పుడు నమోదు చేసి ఉంచుతుంది. సవరణ వికటిస్తే పాత స్థితికి తిరిగి వెళ్లవచ్చు. దీన్ని నోటిమాటగా చెప్పి వదిలేయలేదు. కావాలనే ఒక యంత్రంలో డెస్క్‌టాప్ పొట్లాలను తొలగించి, పెన్‌డ్రైవుతో లేపి, పాత స్థితికి తెచ్చే పనిని ఒక డిగ్రీ విద్యార్థి చేత చేయించాను. అతడు కాగితం మీద రాసుకున్న క్రమమే ఇప్పుడు గోడ మీద ఉంది. మింట్ 22 శ్రేణికి 2029 వరకు సవరణలు అందుతాయన్నది మూడో కారణం.

లాగిన్ అయిన వెంటనే మింట్ సుమారు 800 ఎంబీల ర్యామ్ తీసుకుంటున్నది. అసలు బరువు బ్రౌజరుదే. నాలుగు జీబీల యంత్రంలో దరఖాస్తు పేజీ, యూట్యూబ్ పాఠం, ఒక పీడీఎఫ్ కలిసి తెరిస్తే ర్యామ్ నిండుతుంది. ర్యామ్‌లోనే కొంత భాగాన్ని కుదించిన స్థలంగా వాడే జెడ్‌ర్యామ్‌ను మొత్తం ర్యామ్‌లో సగం మేరకు అమర్చిన తరువాత ఆ తడబాటు చాలావరకు తగ్గింది. కోర్ 2 డ్యుయో యంత్రంలో మాత్రం డెబియన్ 13ను ఎల్‌ఎక్స్‌క్యూటీ డెస్క్‌టాప్‌తో ఎక్కించాను. డెబియన్ 13 నుంచి 32 బిట్ పీసీలకు అధికారిక ఇన్‌స్టాలర్ లేదు. కోర్ 2 డ్యుయో 64 బిట్ ప్రాసెసరే కాబట్టి అడ్డంకి రాలేదు. దాన్ని పుస్తకాల జాబితాకూ, దినపత్రికలు చదవటానికీ కేటాయించాం.

విద్యార్థులు నన్ను ఎక్కువగా అడిగే సహాయం ఫోటో కుదింపు. దరఖాస్తుల్లో ఫోటో 50 కేబీల లోపు, సంతకం 20 కేబీల లోపు ఉండాలనే నిబంధనలు సాధారణం. ఇంతకాలం పిల్లలు తమ ఫోటోను, సంతకాన్ని ఎవరివో తెలియని వెబ్‌సైట్లకు ఎక్కించి కుదింపించుకుంటున్నారు. ఇమేజ్‌మ్యాజిక్ అనే ఉపకరణానికి ఫలానా పరిమాణం మించకుండా జేపెగ్ తయారుచేయమని ఆదేశం ఇవ్వవచ్చు. ఆ ఆదేశాన్ని ఎక్స్‌ఎఫ్‌సీఈ ఫైల్ మేనేజరైన థూనార్‌లో సొంత చర్యగా చేర్చాను. ఇప్పుడు ఫోటో మీద కుడి మీట నొక్కితే ‘ఫోటో: 50 కేబీల లోపు’, ‘సంతకం: 20 కేబీల లోపు’ అని తెలుగులోనే రెండు వరుసలు కనిపిస్తాయి. ఒకటి నొక్కగానే పక్కనే కొత్త ఫైలు తయారవుతుంది, అసలు ఫోటో అలాగే ఉంటుంది. అతిథి ఖాతాలో కూడా ఇది కనిపించేలా కొత్త ఖాతాల మూలపు అమరికలో దాన్ని చేర్చాను. ఈ ప్రాజెక్టు మొత్తంలో అందరికంటే ముందుగా పిల్లలు వాడటం మొదలుపెట్టింది దీన్నే.

డిసెంబరు, చివరి వారం

ప్రింటరు దగ్గర పని ఆగింది. మా దగ్గరున్న పాత లేజర్ ప్రింటరు పేజీని తానే కూర్చుకునే రకం కాదు, కంప్యూటరులోని డ్రైవరే పేజీని చుక్కలుగా మార్చి పంపాలి. తయారీదారు ఇచ్చిన లైనక్స్ డ్రైవరు చాలా పాతది, కొత్త వ్యవస్థల మీద నిలకడగా నడవలేదు. కొంతవరకు ప్రయత్నించి ఆపేశాను. నేను ఎలాగో నడిపించినా, తరువాతి సవరణకు అది మళ్లీ ఆగితే చూసే మనిషి ఇక్కడ ఉండడు. ప్రస్తుతానికి పత్రాలను పీడీఎఫ్‌గా మార్చి, పెన్‌డ్రైవులో వేసుకుని, ప్రింటరు తగిలించి ఉన్న రెండో తరం ఐ3 యంత్రం నుంచి అచ్చు తీస్తున్నాం. పీడీఎఫ్‌లో ఫాంటు లోపలే ఇమిడి ఉంటుంది కాబట్టి తెలుగు చెక్కుచెదరకుండా వస్తున్నది. పరీక్షాపత్రాన్ని అచ్చు తీసి, ‘జ్యోత్స్న’ను, ‘సాఫ్ట్‌వేర్’ను భూతద్దంతో చూసి సంతృప్తి చెందాను. కొత్త ప్రింటరు కొనేటప్పుడు ఎయిర్‌ప్రింట్ గుర్తు ఉన్నదాన్నే తీసుకోవాలని కమిటీకి రాసి ఇచ్చాను. ఆ ప్రమాణాన్ని పాటించే ప్రింటర్లతో లైనక్స్‌లోని కప్స్ వ్యవస్థ సాధారణంగా ప్రత్యేక డ్రైవరు లేకుండానే మాట్లాడగలదు.

2026 జనవరి

రెండో తరం ఐ3 యంత్రాన్ని విండోస్ 10తోనే ఉంచి, నెట్‌వర్కు తీగ తీసేశాను. ఇందులో పేజ్‌మేకర్ అనే పుటల కూర్పు ప్రోగ్రాములో చేసిన పాత ఫైళ్లున్నాయి. అవి అను ఫాంటులతో కూర్చినవి. ప్రతి లిపి అక్షరాలకూ సొంత సంకేతాలిచ్చే యూనికోడ్ రాకముందు పద్ధతిలో ఈ ఫాంటులు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కలను కూర్చుకున్నాయి. అందుకని ఆ ఫాంటు లేని యంత్రంలో ఆ పాఠాన్ని తెరిస్తే తెలుగు కనబడదు, పొందికలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వరుసగా కనిపిస్తాయి. లిబ్రాఫీసు డ్రా పేజ్‌మేకర్ ఫైళ్లను తెరవగలదు, మా ఫైళ్లలో కొన్నింటి పుటల అమరికను చాలావరకు నిలబెట్టింది కూడా. అయితే లోపలి పాఠం పాత సంకేతాల్లోనే ఉంటుంది. దాన్ని వెతకలేం, కొత్త పత్రంలోకి తెచ్చి దిద్దలేం.

కనుక ఆ ఫైళ్లను రెండు విధాలుగా భద్రపరచాలని నిశ్చయించాం. ముందు ప్రతి ఫైలునూ ఆ యంత్రంలోనే పీడీఎఫ్‌గా తీసి, పుట ఎలా ఉండేదో ఆ రూపాన్ని నిలుపుతాం. ఆ తరువాత పాఠాన్ని అను నుంచి యూనికోడ్‌కు మార్చే ఉపకరణంతో మార్చి, పీడీఎఫ్‌ను పక్కన పెట్టుకుని ఒక్కో వాక్యాన్ని సరిచూస్తాం. మార్పిడిలో ఒత్తులు, రావత్తులు స్థానం తప్పటం ఇప్పటికే చేసిన కొన్ని పుటల్లో కనిపించింది, కాబట్టి మనిషి చదవకుండా దేన్నీ పూర్తయినట్టు లెక్కించకూడదని నియమం పెట్టుకున్నాం. సరిచూసే బాధ్యత మాస్టారు తీసుకున్నారు. ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకుంటున్న అమ్మాయిలిద్దరూ దిద్దుబాట్లు టైపు చేస్తున్నారు, వారికి అదే సాధన అవుతున్నది.

డెస్క్‌టాప్ భాష విషయం కూడా ఈ నెలలోనే తేలింది. మెనూలను తెలుగులోకి మార్చి చూస్తే, అనువాదం పూర్తికాని చోట్ల తెలుగు, ఇంగ్లీషు కలగలిసి వచ్చాయి. విద్యార్థులు ఇంగ్లీషే కావాలన్నారు, మాస్టారు తెలుగు ఉంచమన్నారు. ఖాతాను బట్టి భాష మార్చుకునే వీలుంది కనుక ఇద్దరి కోరికా తీరింది. మాస్టారు తన ఖాతాలో అనువాదం కాని మాటలను ఒక నోటు పుస్తకంలో రాసుకుంటున్నారు. వాటిని తెలుగులోకి మార్చి ఎక్స్‌ఎఫ్‌సీఈ అనువాదకులకు పంపే పద్ధతిని ఆయనకు వచ్చే నెల చూపిస్తాను. ఈలోగా యూనికోడ్‌లోకి మార్చవలసిన ఫైళ్లలో వార్షిక నివేదికలను ముందుగా తీసుకోవాలని, కరపత్రాలను తరువాతకు వాయిదా వేయాలని కమిటీ తీర్మానించింది.